పెన్సిల్ నంబర్లు

పోయిన వారం నన్ను రికార్డు రూములో నిచ్చెన మీద, చేతిలో ఒక అట్టకార్డుతో వదిలేసి వెళ్లారు మీరు. ఇంకా అక్కడే వేలాడుతున్నాననుకోకండి. దిగాను, దుమ్ముకి వరసగా పది తుమ్ములు తుమ్మాను, ఆ కార్డుతో పాటు మూడు కట్టలు సంచిలో కుక్కుకుని ఇంటికి తెచ్చాను. మధ్యలో ఏ వారమైనా తప్పిపోయినవాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెప్తాను. అది తెలియకుండా ముందుకు వెళ్తే మీకు నామీద జాలి కలగొచ్చు. నాకు జాలి అక్కర్లేదు.

మా ఇంట్లో ముగ్గురికి కరెంటు కంపెనీయే అన్నం పెట్టింది. నాన్న ముప్పై నాలుగేళ్లు అక్కడ రికార్డు గుమాస్తాగా చేసి, తొమ్మిదేళ్ల కిందట రిటైరయ్యాడు. తమ్ముడు, మా చిన్నోడు, లైన్‌మన్. నేను మూడో అంతస్తులో ఫ్యాను కింద కూర్చుని, ఏ పరికరం ఎన్నాళ్లు బతుకుతుంది, దాన్ని ఎప్పుడు మారిస్తే పెట్టిన ఖర్చుకి తగిన ఫలితం ఉంటుంది అని లెక్క కట్టే మనిషిని. ఆఫీసులో నన్ను లెక్కలమ్మ అంటారు. ముందు వెక్కిరింపుగా అనేవాళ్లు, తర్వాత గౌరవంగా అన్నారు, ఈమధ్య అసలు అనడం మానేశారు.

ఆరు వారాల కిందట మా చిన్నోడు రెండు వందల పన్నెండో స్తంభం ఎక్కాడు. ఎక్కేముందు కిందనున్న హ్యాండిల్ లాగి స్విచ్ ఆపాడు. ఆ స్విచ్‌కి మూడు తీగలకీ మూడు బ్లేడ్లుంటాయి. హ్యాండిల్ లాగితే మూడూ విడిపోవాలి. ఆ రోజు సన్నగా వాన పడుతోంది. రెండు విడిపోయాయి, మూడోది విడిపోలేదు. పైన వాడు ఆ మూడో తీగకి ఎర్తింగ్ కొక్కెం తగిలించబోయాడు. వాడికి ముప్పై ఏళ్లు నిండి అప్పటికి పంతొమ్మిది రోజులు.

అప్పుడు లేచిన మంటల్లో స్విచ్ కరిగిపోయింది కాబట్టి దాన్ని పరీక్షించడానికేమీ మిగల్లేదు. అందుకని విచారణ కమిటీ నా మోడల్‌ని, అంటే పరికరాల ఆయుష్షు చెప్పే నా కంప్యూటరు లెక్కని, అడిగింది. ఆ స్విచ్ వయసు ముప్పై ఒకటి, ఇంకా పదకొండేళ్ల ఆయుష్షుంది అని నా మోడల్ సమాధానం చెప్పింది. స్విచ్ నిక్షేపంలా ఉంటే తప్పెవరిది? హ్యాండిల్ పూర్తిగా లాగని మనిషిది. రిపోర్టులో అదే రాశారు, వెనకాల సాక్ష్యంగా నా సంతకం ఉన్న పేజీ కుట్టారు. నేను నిచ్చెన ఎక్కిన రోజుకి మర్నాడు పదకొండింటికి ఆఖరి సమావేశం. నన్నూ రమ్మన్నారు.

నా మరదలు, అంటే చిన్నోడి భార్య, నన్ను అడిగింది ఒక్కటే. "వదినా, ఆయన సరిగ్గా లాగలేదన్న మాట ఒక్కటి తీసేయించు. ఇంకేమీ వద్దు నాకు."

చిన్నోడు తప్పు చెయ్యడని నాకు తెలుసు. నా లెక్క తప్పు కాదనీ తెలుసు. రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. అందుకే రికార్డు రూముకి వెళ్లి నిచ్చెన ఎక్కాను.

అక్కడ ముందుగా చేతికొచ్చిన కార్డు వేరే స్తంభానిది, దాని సంగతి ఇదీ. స్విచ్ బిగించిన తేదీ నలభై ఒక్క ఏళ్ల కిందటిది. స్విచ్ నంబరులో మొదటి రెండంకెలు అది తయారైన సంవత్సరాన్ని చెప్తాయి. ఆ లెక్కన అది తయారై పదకొండేళ్లే. అంటే తను పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందే ఉద్యోగంలో చేరిన స్విచ్ అది. తేదీ ఇంకుతో రాసి ఉంది, నంబరు పెన్సిల్‌తో ఉంది, రెండూ నాన్న చేతిరాతే. ఇంకో పది కార్డులు తీశాను. ఏడు అలాగే ఉన్నాయి.

మా ఇంట్లో పెద్ద బల్ల అంటే భోజనాల బల్లే. ఆ మధ్యాహ్నమే దానిమీద కార్డులన్నీ పరిచాను. నంబరు పెన్సిల్‌తో ఉన్నవి ఒక పక్క, ఇంకుతో ఉన్నవి ఇంకో పక్క. రెండు వందల పన్నెండో నంబరు కార్డు మాత్రం సంచిలోనే ఉంచేశాను. దాన్ని నాన్న కంట పడనివ్వకూడదని నా ఉద్దేశం.

ఆరు వారాలుగా నాన్న ఆ బల్ల దగ్గరికి రాలేదు. గదిలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. మరదలు కంచం పట్టుకెళ్తే నాలుగు ముద్దలు తిని చాలనేవాడు. ఆ మధ్యాహ్నం మంచినీళ్ల కోసం వచ్చి, కార్డులు చూసి, గ్లాసు చేత్తో పట్టుకునే నిలబడిపోయాడు.

"ఇవి ఇక్కడికెలా వచ్చాయి?"

"పనుండి తెచ్చాను నాన్నా."

"ఆఫీసు దాటించకూడదు. రూలు." అన్నాడు గానీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి కళ్లజోడు తీశాడు. పై కార్డు అందుకున్నాడు, అంచులు మాత్రమే పట్టుకుని. మేం చిన్నప్పుడు ఫొటోలు అలా పట్టుకోకపోతే తిట్టేవాడు.

"నూట నలభై ఏడు. సైకిల్ షాపు ముందుది. గాలి కొట్టే పంపు దీనికే గొలుసేసి కట్టేవాడు వాడు, నేను మూడుసార్లు నోటీసిచ్చాను." ఇంకోటి తీశాడు. "ఇది వంతెన మలుపులోది. లారీ గుద్దితే వంగింది. ఇదిగో, వంగిందని రాశాను కూడా."

వంటింట్లోంచి మరదలు తొంగి చూసింది. ఆయన గొంతు విని ఎన్నాళ్లయిందో. చప్పుడు చెయ్యకుండా కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది. నాన్న ఎడమచేత్తో కార్డులు తిరగేస్తూ, కుడిచేత్తో తింటూ, రెండోసారి వడ్డించుకున్నాడు కూడా. మరదలు నావైపు చూసిన చూపుకి నాకు ఏడుపొచ్చింది. నేనేదో మంచి పని చేశాననుకుంది పాపం. తర్వాత మేడ మీద ఆరేసిన బట్టలు తెస్తానని వెళ్లింది.

అప్పుడు అడిగాను. "నాన్నా, ఈ తేదీకీ ఈ నంబరుకీ పొంతన లేదేంటి?"

నాన్న నవ్వాడు. చిన్నోడు పోయాక అదే మొదటిసారి. "ఇన్నేళ్లు ఆ ఆఫీసులో ఉండి ఇదా నువ్వు నేర్చుకున్నది? కార్డు స్తంభానిదే తల్లీ, స్విచ్‌ది కాదు. తేదీ స్తంభం పాతినప్పటిది, స్విచ్ కూడా అప్పుడే బిగిస్తారు. స్విచ్ మారిస్తే నంబరు చెరిపి కొత్త నంబరు పెన్సిల్‌తో వేస్తాం. తేదీ ముట్టుకోం. ముట్టుకుంటే స్తంభం కొత్తదనుకుని తనిఖీకి పోరు. ఆ రూలు నేను పెట్టిందే. పెద్ద ఇంజనీరు నా భుజం తట్టాడు."

"మరి స్విచ్ మార్చారని ఎలా తెలుస్తుంది?"

"పెన్సిల్ ఉంటే మార్చినట్టు. ఇంకు ఉంటే మార్చనట్టు. ఇందులో తెలియడానికేముంది? ముప్పై ఏళ్లు నిండిన స్విచ్ మంచిదైనా చెడ్డదైనా సరే మార్చాల్సిందే. అది అసలు రూలు. నేనున్నంతవరకు ఒక్కటంటే ఒక్కటి దాటనివ్వలేదు." పెన్సిల్ కట్టని వేలితో తట్టాడు. "ఇవన్నీ ఏంటనుకున్నావ్?"

పెన్సిల్ కట్ట దగ్గరికి లాక్కుని మళ్లీ ఒక్కో కార్డూ చూశాను.

లెక్కలంటే పడనివాళ్లకి కూడా అర్థమయ్యేలా చెప్తాను, ఓపిక పట్టండి. ఐదేళ్ల కిందట ఆ కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. కంప్యూటరుకి పెన్సిలైనా ఇంకైనా ఒకటే. అక్కణ్ణించి అంకెలు నా దగ్గరికొచ్చాయి. చూస్తే ముప్పై దాటిన స్విచ్‌లు వేలకొద్దీ ఉన్నాయి, ఒక్కటీ చెడిపోవడం లేదు. గీత గీస్తే పాతికేళ్ల దాకా ప్రమాదం పైకి లేచి, ముప్పై దాటగానే నేలకి అంటుకుపోయింది. అవన్నీ అప్పటికే మార్చిన కొత్త స్విచ్‌లు కాబట్టి చెడిపోలేదు. ఆ సంగతి నాకు తెలీదు. నేను అనుకున్నదేంటో తెలుసా? రూలు కాగితాలకే పరిమితమైందనీ, ఈ మనుషులు బద్ధకించి పాత స్విచ్‌లు మార్చలేదనీ అనుకున్నాను. నా రిపోర్టులో రాసిన వాక్యం నాకు నిద్రలో అడిగినా వస్తుంది. 'ముప్పై ఏళ్ల నిబంధన క్షేత్రస్థాయిలో అమలు కాలేదు. అయినా నష్టం జరగలేదు. కనుక నిబంధన అనవసరపు వ్యయం.'

వాళ్లు అంత శ్రద్ధగా పనిచేశారు కాబట్టే వాళ్లు పనే చెయ్యలేదని తేల్చాను నేను. రెండేళ్ల కిందట నా మాట మీద ఆ రూలు ఎత్తేశారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

ఆ గీత మొదట చూపించింది చిన్నోడికే, ఇదే బల్ల దగ్గర. వాడు తలకాయ అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే అక్కా, నీ లెక్కలో ముప్పై దాటితే ఇంక చావే లేదన్నమాట. నాకింకో రెండేళ్లు. అప్పటిదాకా జాగ్రత్తగా ఉంటే చాలు," అన్నాడు. నేను వాడి నెత్తిన ఒక్కటి మొట్టాను. ముసలివాళ్లు చావని ఊరు ఎక్కడైనా ఉంటుందా? వాడు నవ్వులాటకి అన్న మాటలోంచి నాకు నేను వేసుకోవాల్సిన ప్రశ్న అది. వేసుకోలేదు. మూడో అంతస్తు దిగి ఒక్క కార్డు చూసొస్తే సరిపోయేది.

"రెండొందల పన్నెండేది?" అన్నాడు నాన్న.

"కమిటీ దగ్గరుంది."

"దాన్లో ఇంకు నంబరే ఉంటుంది. నేను దిగిపోయేనాటికి దానికి ఇరవై రెండేళ్లు." వేళ్ల మీద లెక్కపెట్టాడు. "పోయినేడు ముప్పై నిండింది. మార్చేసి ఉంటారు. మార్చారు కదూ?"

రూలు ఎత్తేసిన సంగతి నాన్నకి నేనెప్పుడూ చెప్పలేదు. ఆయన రిటైరయ్యాక ఆఫీసు కబుర్లు ఎత్తితే ముఖం ముడుచుకునేవాడు, అందుకని చెప్పలేదు. ఆ ఒక్క క్షణం నాకు తోచింది ఈ మధ్యాహ్నాన్ని ఇలాగే ఉంచెయ్యాలని. ఆయన కడుపునిండా తిన్నాడు, నవ్వాడు.

"మార్చారు," అన్నాను.

నాన్న తల ఊపాడు. కార్డులు సర్దుతున్న చెయ్యి మెల్లగా ఆగింది. "ఏడాది స్విచ్. ఏడాది స్విచ్‌లో బ్లేడు ఇరుక్కోవడం నేను వినలేదు." కాసేపు బల్లకేసి చూశాడు. "అయితే వాళ్లు రాసిందే నిజం. చిన్నోడే సరిగ్గా లాగలేదు."

ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నాడో. కొడుకుని కోప్పడ్డట్టు కూడా లేదు. ఆరు వారాలు గోడకేసి చూస్తూ నమ్మనని మొండికేసిన మాటని నా ఒక్క అబద్ధంతో ఒప్పేసుకున్నాడు.

"కాదు నాన్నా. మార్చలేదు."

"ఇప్పుడే కదా మార్చారన్నావు."

"అబద్ధం చెప్పాను. మార్చలేదు. రూలు తీసేశారు."

"ముప్పై ఏళ్ల రూలా? ఎవడు తీసేసింది?"

"నేను."

నాన్న కళ్లజోడు తీశాడు. "ఏం చూసి తీసేశావ్?"

అప్పుడు నోరు మూసుకోవాల్సింది. ఎన్ని పొరపాట్లు చేశానో లెక్కపెడితే అదే అన్నిటికన్నా పెద్దది. కానీ లోపల ఏదో మండింది. ఆరు వారాలుగా నేనొక్కదాన్నే మోస్తున్న బరువు ఇంకొకరి భుజాన పెట్టాలనిపించింది, ఆ భుజం ఎవరిదో కూడా చూడలేదు.

"నీ కార్డులు చూసి," అన్నాను.

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి కిక్కు కొడుతున్నారు. అది స్టార్టయ్యి వెళ్లిపోయేదాకా నాన్న కదల్లేదు. తర్వాత పెన్సిల్ కట్టనీ ఇంకు కట్టనీ మార్చి మార్చి చూశాడు. ఆయనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ముప్పై నాలుగేళ్లు ఆ కార్డులతో కాపురం చేసిన మనిషి.

"కంప్యూటర్లో పెన్సిల్ ఏమైంది?" అన్నాడు చివరికి.

"అన్నీ ఒకేలా ఎక్కించారు."

"ఓహో."

"నాన్నా, తప్పు నాది. నేను కార్డులు చూడకుండా అంకెలు నమ్మాను. నువ్వు చేసింది సరైన పనే. రేపు వాళ్లకి అదే చెప్తాను. నా మోడల్ తప్పని చెప్తే వాడిమీద మాట పోతుంది." గబగబా చెప్పుకుపోతున్నాను. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. మా ఇంట్లో ఎవరైనా ఆ పని చేస్తే ఊరుకోని మనిషి. కార్డులు రెండు కట్టలుగా పేర్చి, దారం చుట్టి, ముడి వేశాడు. లేచి గదిలోకి వెళ్లాడు.

మరదలు బట్టలతో దిగి వచ్చింది. "మావయ్యగారు పడుకున్నారా? ఎంతసేపు కూర్చున్నారో ఇవాళ. రేపు కూడా ఆ కార్డులు ఇక్కడే ఉంచు వదినా," అంది. నేను బట్టలు మడతపెట్టే నెపంతో ముఖం తిప్పుకున్నాను. ఆ మోపులో చిన్నోడి చొక్కా ఒకటుంది. ఎవరూ వేసుకోని చొక్కాని ఆమె వారానికోసారి ఉతికి ఆరేస్తోంది.

సాయంత్రం నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. "రేపు ఎన్నింటికి?" అని అడిగాడు. పదకొండుకన్నాను. నన్ను సాగనంపడానికి అడిగాడనుకున్నాను. తెలివితేటలున్నాయని జీతమిచ్చి పెట్టుకున్నారు నన్ను.

పొద్దున్న తయారై ఏమేం చెప్పాలో రాసుకున్న కాగితం సంచిలో పెట్టుకోబోతే, రెండు వందల పన్నెండో కార్డు అన్నిటికన్నా పైన ఉంది. నేను దాన్ని అడుక్కి తోసి, పైన పుస్తకం పెట్టిన సంగతి నాకు బాగా గుర్తు. తీసి చూశాను. అదే తేదీ, అదే ఇంకు నంబరు. కానీ అడుగున, రిమార్కులు రాసే గళ్లో, ముప్పై ఒక్క ఏళ్లుగా ఖాళీగా ఉన్న చోట, ముత్యాల్లాంటి అక్షరాలు కొత్తగా ఉన్నాయి. ఈసారి పెన్సిల్ కాదు, ఇంకు.

'ఈ స్విచ్ మార్చబడలేదు. ఐదేళ్ల కిందట కార్డులు కంప్యూటరుకెక్కించే ఇద్దరు ఇంటికి వచ్చి, పెన్సిల్ నంబర్ల అర్థమేమిటని నన్ను అడిగారు. రిటైరైనవాడితో ఇంకేం పని అన్న కోపంతో చెప్పలేదు. కార్డులోనే ఉంది, చదువుకోండన్నాను. తప్పు నాది. మా అమ్మాయిది కాదు. మా అబ్బాయిది కాదు.' కింద సంతకం, ఆ రోజు తేదీ, 'రికార్డు గుమాస్తా' అన్న హోదా.

మూడుసార్లు చదివాను. ఐదేళ్ల కిందట కూడా నేను ఈ ఇంట్లోనే ఉన్నాను. అలా ఎవరైనా ఇద్దరు వచ్చినట్టు నాకు గుర్తు లేదు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు వచ్చి ఉండొచ్చు. నాన్న అంత మాట అనగలడు, ఆయన పౌరుషం నాకు తెలుసు. అంతకన్నా బాగా తెలిసింది ఇంకోటుంది. నాకు దెబ్బ తగులుతుందంటే తను ముందుకొచ్చి నిలబడతాడు, చిన్నప్పటినుంచీ అంతే. కార్డు మీద ఆయన ఒక్క అబద్ధపు అంకె రాయగా నేను చూడలేదు. ఇది రాశాడా, రాయలేదా?

గదిలోకి పరుగెత్తాను. దుప్పటి మడతపెట్టి ఉంది. హ్యాంగరుకి తెల్లచొక్కా లేదు. గుమ్మం దగ్గర చెప్పులు లేవు. గోడ గడియారం తొమ్మిదీ నలభై.

మరదలు వంటింటి గడపలో నిలబడి ఉంది, తడి చేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ.

"మావయ్యగారు ఎనిమిదింటికే వెళ్లిపోయారు వదినా. నీకు చెప్పొద్దన్నారు," అంది. "వెళ్తూ నా రెండు చేతులూ పట్టుకుని, నన్ను క్షమించమ్మా అన్నారు. ఎంత అడిగినా ఇంకో మాట లేదు. ఆయన నాకేం చేశారు?"

ఆమె కళ్లు నా ముఖం మీద నుంచి నా చేతిలో ఉన్న కార్డు మీదికి దిగాయి. మొగుడు ఎక్కిన స్తంభం నంబరు ఆమెకి నేను చదివి చెప్పక్కర్లేదు. తుడుచుకున్న చెయ్యి ముందుకి చాపింది.

"అదిలా ఇవ్వు వదినా."